బరమయ్యకు మాటలొచ్చాయి

కంటి ఆపరేషనుకని మా సింహాచలం చిన్నాన్న అనకాపల్లి నుంచి విశాఖపట్నం వచ్చి మా ఇంట్లో దిగాడు. శుక్లం తీశారు, లెన్సు పెట్టారు, నల్లద్దాలు తగిలించారు. తల వంచొద్దని, తలస్నానం చెయ్యొద్దని, టీవీ ఎక్కువ చూడొద్దని చెప్పి పంపారు. మొదటి రెండూ శ్రద్ధగా పాటించాడు. మా అమ్మాయి మేఘన సాయంత్రం ఆఫీసు పని ముగించుకుని, హాల్లో టీవీకి గేము పెట్టె తగిలించి ఆడుకుంటుంది. జపాన్ వాళ్ళు తయారుచేసిన కొట్లాట గేము. ఒక్కో దేశం నుంచి ఒక్కో యోధుడు వస్తాడు, ఇద్దరిద్దరు కొట్టుకుంటారు, లేవలేనివాడు ఓడినట్టు. చిన్నాన్న వెనక సోఫాలో కూర్చుని చూస్తున్నాడు. తెర మీదికి తలపాగా, గుబురు మీసం, చేతిలో అంకుశంతో ఒక మనిషి వచ్చి నిలబడి, చక్కటి హిందీలో, తన నేల మీదికొచ్చి తననే సవాలు చేసే ధైర్యం ఎవరికుందని అడిగాడు. చిన్నాన్న నా వైపు తిరిగాడు. "ఆ... ఆడు మన బ... బ..." అన్నాడు. నేను ఆగాను. ఆయన మాట పూర్తయ్యేదాకా ఆగడం మా ఇంట్లో అందరికీ అలవాటు. ఆ అలవాటు మాకు పుట్టుకతో రాలేదు. "బరమయ్య కదేటి?" అన్నాడు చివరికి. బరమయ్యే. బట్టలు మారాయి, ఒళ్ళు నునుపెక్కింది, మీసం మాత్రం అదే. చిన్నాన్న కాసేపు వినీ వినీ, "ఆడికి మాటలెప్పుడొచ్చేయి?" అని అడిగాడు. మేఘనకు అర్థం కాలేదు. నాకు మాత్రం ముక్కులోకి బెల్లం వాసన వచ్చింది.

అనకాపల్లిలో మా ఇల్లు బెల్లం మార్కెట్టుకు అల్లంత దూరంలో ఉండేది. బెల్లం వాసన తియ్యగా ఉంటుందని ఊరి బయటివాళ్ళు అనుకుంటారు. సీజనులో దిమ్మలు దిగి, కొన్ని చెమ్మగిల్లి, గోనెపట్టాల కింద పులిసి, వాటి మీద కందిరీగలు ముసిరితే వచ్చే వాసన వేరు. అది బట్టల్లోకి, అన్నంలోకి, స్కూలు పుస్తకాల్లోకి ఎక్కేది. మా నాన్న బెల్లం కమీషను వ్యాపారం చేసేవాడు. ఆ వాసన రాని రోజున ఆయనకు నిద్రపట్టేది కాదు. ఇంటిని నడిపేది మా నాయనమ్మ. పొద్దున్నే కళ్ళాపి జల్లించి, పాలవాడితో గొడవ పడి, ముందుగది గుమ్మం పక్కన పీట వేసుకుని చుట్ట వెలిగించేది. మా వైపు పాతకాలం ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. అంటే వెలిగించిన కొసను నోట్లో పెట్టుకుని, చల్లటి కొసను బయట ఉంచుకోవడం. నిప్పు నోట్లో పెట్టుకునే ఆవిడ రోజంతా మాట్లాడేది. పెదవులు కలపడానికి వీలుండదు కాబట్టి మాటల్లో సగం హల్లులు పోయేవి. ఇంట్లో మాకు అన్నీ తెలిసేవి. బయటివాళ్ళు దేనికైనా తల ఊపి వెళ్ళిపోయేవారు. ఆ తల ఊపుడు వల్ల మా పక్కింటావిడ ఒకసారి తన పెరటి గోడ మాకు వదిలేసుకుంది. ఆ విషయం ఆవిడకు మేస్త్రీ వచ్చాక తెలిసింది.

చిన్నాన్నకు నత్తి. మొదటి అక్షరం దగ్గర ఆగిపోయేవాడు. కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బి, ఆ అక్షరాన్నే తోసుకుంటూ నిలబడేవాడు. మా ఇంట్లో అందరూ ప్రేమగలవాళ్ళే కాబట్టి, ఆ అవస్థ చూడలేక, మిగతా మాటను వాళ్ళే పూర్తిచేసేవారు. "ప... ప..." అంటే పచ్చడి వేసేది అమ్మ. ఆయనకు కావలసింది పప్పు. అయినా పచ్చడి కలుపుకుని తినేవాడు, ఎందుకంటే కాదని చెప్పడానికి ఇంకో అక్షరంతో మొదలుపెట్టాలి. అలా ఆయన జీవితంలో చాలా సంగతులు ఇతరుల ఊహ ప్రకారం జరిగాయి. చదువు మానేశాక ఏం చేస్తావురా అని నాన్న అడిగితే, "ట... ట..." అన్నాడు. "టైలరింగా? మంచి పనే," అని నాన్న తెలిసిన దర్జీ దగ్గర చేర్పించాడు. చిన్నాన్న ఏడాది పైగా బొత్తాం కాజాలు కుట్టి, ఒకరోజు నిశ్శబ్దంగా వెళ్ళడం మానేశాడు. టేపు రికార్డర్ల రిపేరు అనుకుని నాన్న ఇంకోచోట చేర్పించాడు. అక్కడా అంతే. ఇంట్లో అందరూ సింహాచలానికి స్థిరం లేదన్నారు.

ఎవరూ పూర్తిచెయ్యకుండా ఆయన సొంతంగా చేసిన మొదటి పని, విశాఖపట్నం వెళ్ళి లారీ మీద ఒక వీడియో గేము మిషను తేవడం. బీరువాలా నిలువెత్తు పెట్టె, మధ్యలో టీవీ, కింద బొమ్మను ఆడించే కర్ర, గుండ్రటి మీటలు. ఓడరేవు దగ్గర ఎవరో అమ్మేస్తుంటే కొన్నాడట. నాన్న సాయంత్రం వచ్చి, ముందుగదిలో దిమ్మలు పెట్టుకునే చోట అది నిలబడి ఉండడం చూసి, "ఏటిది?" అన్నాడు. చిన్నాన్న "వి..." అన్నాడు. "విశాకపట్నం నుంచి తెచ్చేవు, తెలుస్తంది. ఇదేటని అడుగుతన్నాను," అన్నాడు నాన్న. ఈలోపు మిషను తనంతట తానే ఒక అరుపు అరిచింది. నాయనమ్మ చుట్ట తీసి, "ఉండనీ. కూకోడానికి నాకూ తోడుంటాది," అంది. ఆవిడ చుట్ట తీసి మాట్లాడితే దానికి తిరుగులేదు.

ఆ మిషను జపాన్‌లో ఆడుకోవడానికి జపాన్ వాళ్ళు చేసుకున్నది. ఏ దారిన మా వైపు కొట్టుకొచ్చిందో తెలియదు. రాతలన్నీ వాళ్ళ లిపిలోనే ఉండేవి. దేశాల పేర్లు, మనుషుల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో ఉండేవి. లోకంలో ఏ దేశం వాళ్ళు ఎలా ఉంటారో మా వీధి పిల్లలు దానిలోనే నేర్చుకున్నారు. జర్మనీవాడు తోలుగుడ్డ కట్టుకుని కసాయికత్తి పట్టుకునేవాడు. బ్రెజిల్‌వాడి భుజం మీద చిలక వాలి ఉండేది, తన్నులు తిన్నా ఎగిరేది కాదు. ఈజిప్టు ఆవిడకు ఒంటినిండా బట్టపీలికలు చుట్టి ఉండేవి. అంతా సబబుగానే ఉందనుకున్నాం. ఇండియా వంతు వచ్చేసరికి ఆలోచనలో పడ్డాం. చొక్కా లేదు, నడుముకు పులితోలు, చేతిలో అంకుశం, పక్కన ఏనుగు. వెనకాల ఒకే వీధిలో తాజ్‌మహల్‌ లాంటి గుమ్మటం, పాములబుట్ట, మంచె మీద సాధువు, నడిరోడ్డు మీద ఆవు ఉండేవి. ఆవు ఒక్కటే మాకు తెలిసినట్టు ఉంది. కింద పేరు బారామన్ అని ఉండేది. చాలా ఏళ్ళకు, నేను డబ్బింగ్ సినిమాలకు మాటలు రాసే పనిలో ఉండగా, జపనీస్ తెలిసిన ఒకాయన చెప్పారు, వాళ్ళు బ్రాహ్మణుణ్ణి దాదాపు అలాగే అంటారని. పులితోలు, ఏనుగు, అంకుశం, బ్రాహ్మణుడు! ఆ సంగతి తెలియకుండానే నాయనమ్మ అతనికి బరమయ్య అని పేరు పెట్టింది. ఏనుగుంది కాబట్టి గొలుగొండ వైపు కొండల్లోవాడని ఆడేవాళ్ళు తీర్మానించారు.

బరమయ్య దెబ్బ వేసేటప్పుడు ఏదో అరిచేవాడు. ఆ మాట ఏ భాషో ఎవరికీ తెలియదు. గెలిచాక అతని మొహం తెరంతా వచ్చి, కింద జపాన్ అక్షరాల్లో ఒక డైలాగు పడేది. దాన్ని చదవగలిగినవాడు అనకాపల్లిలో లేడు. ఒకరోజు ఆడుతున్నవాళ్ళలో ఎవరో, "ఏటన్నాడు బావా ఆడు?" అని చిన్నాన్నను ఊరికే అడిగారు. చిన్నాన్న తెర వైపు చూస్తూ, "ఏడవకు బావా, ఇంటికెల్లి గంజి తాగి, మళ్ళీ ఏడాది రా, అన్నాడు," అని చెప్పాడు. గదంతా నవ్వింది. నేను నవ్వలేదు, నాయనమ్మా నవ్వలేదు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ వాక్యంలో ఆయన ఎక్కడా ఆగలేదు. తర్వాత జర్మనీ కసాయివాడు గెలిస్తే, "మీ బెల్లంలో కంకరుంది, పళ్ళిరిగిపోనాయి," అన్నాడు. అదీ ఆగకుండానే. తన మాటైతే మొదటి అక్షరం దగ్గర మెడ బిగిసేది. వేరేవాడి మాటైతే నీళ్ళలా వచ్చేది. దీనికి కారణమేమిటో ఇప్పుడు డాక్టర్లు చెబుతారు. అప్పుడు నాయనమ్మ చెప్పింది ఒక్కటే: "ఎవుడూ ఎత్తకండి ఆ మాట. దిట్టి తగుల్తాది." అందుకని ఎవరమూ ఎత్తలేదు. ముందుగది నిండిపోయేది. సగంమంది ఆడడానికి కాకుండా వినడానికి వచ్చేవారు.

మా స్కూల్లో హిందీ చెప్పే మాస్టారు ఒకసారి నాన్నతో మాట్లాడడానికి వచ్చి ఆ గది ముందు ఆగిపోయారు. సన్నగా, ఇస్త్రీ మడత చెదరకుండా ఉండే మనిషి. స్కూల్లో హిందీ మీద ప్రేమ ఉన్నది ఆయనొక్కరికే. తెర మీద బరమయ్యను చూశారు. వీధిలో పాములబుట్ట చూశారు. ఆవు పక్కన ఒక బోర్డుంటే, కళ్ళజోడు తుడుచుకుని దాన్ని చదవడానికి చాలాసేపు నిజాయితీగా ప్రయత్నించారు. చివరికి, "పైన తలగీత దేవనాగరిదే. కింద అక్షరాలు లేవు," అని ప్రకటించి, నాన్న దగ్గరికి వెళ్ళి, ఇది దేశానికి అవమానమని, గౌరవమైన ఇంట్లో ఇలాంటిది ఉండకూడదని చెప్పారు. నాన్నకు ముందుగది కావాలి, సీజను దగ్గరపడుతోంది. దేశభక్తి ఆయనకు వేళకు అందివచ్చింది. "పెద్దమనుసులు తప్పంటే తీయించేద్దాం మాస్టారూ," అన్నాడు.

ముందు ఆ అరుపు ఏ భాషో తేల్చాలన్నారు. హిందీ కాదని మాస్టారు అప్పటికే చెప్పారు. బెల్లం లోడుకి వచ్చిన తమిళ లారీ డ్రైవరు విని, మాది కాదన్నాడు. ఒరిస్సా నుంచి వచ్చిన కూలీలు మాది కాదన్నారు. గుజరాతీ వర్తకుడు రెండుసార్లు వేయించుకుని విని, చేతులు జోడించి కాదన్నాడు. తమది కాదని తేలగానే అందరి మొహాల్లోనూ ఒక నిశ్చింత కనిపించేది. నాయనమ్మను ఎవరూ అడగలేదు. ఆవిడే చెప్పింది. "నాకు తెలుత్తంది. ఆడి నోట్లో సుట్టుంది."

ఆ ఆదివారం మార్కెట్టు సెలవు. పొద్దున్నే నాన్న, మాస్టారు, వీధి పెద్దలు కొందరు అరుగు మీద కూర్చున్నారు. ఆడేవాళ్ళంతా రోడ్డు మీద నిలబడ్డారు. చిన్నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. ముందు మాస్టారు మాట్లాడారు. నేను ఆయన కోపంగా మాట్లాడతారనుకున్నాను. "చదువుకునే రోజుల్లో నేను అలహాబాదులో ఉన్నాను. అక్కడ నా పేరు ఎవరూ పిలవలేదు. మద్రాసీ అనేవారు. రోజూ సాంబారే తింటావా అని అడిగేవారు. నేను అప్పటికి సాంబారు పెళ్ళిళ్ళలోనే చూశాను. కాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఎవరో గీసిన బొమ్మలో మనం కూర్చోవలసి వస్తే ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాన్ని డబ్బిచ్చి తెచ్చి, మన పిల్లలకే చూపించడం ఎందుకు?" అన్నారు. ఆయన చెప్పింది నిజమని అప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

నాన్న తమ్ముడి వైపు తిరిగి, "నువ్వేటంటావు సిమ్మాచలం?" అన్నాడు. చిన్నాన్న నోరు తెరిచాడు. "అ... అ..." రోడ్డు మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కళ్ళు మూసుకుని ఇంకా గట్టిగా తోశాడు. ఆ అక్షరం కదల్లేదు. ఇంతలో నాన్న, ఎప్పటిలాగే జాలిపడి, "అలాగే తీసేద్దాం అంటన్నాడు. అంతే కదరా?" అన్నాడు. చిన్నాన్న కళ్ళు తెరిచాడు. ఆ చూపు నేను మరిచిపోలేదు. కాదనడానికి ఇంకో అక్షరం వెతుక్కుంటున్న మనిషి చూపు. ఏ అక్షరమూ దొరకలేదు. అందరికీ వీపు తిప్పి గదిలోకి వెళ్ళాడు. అలిగాడనుకున్నాం. మిషను మోగింది. ఏనుగు ఘీంకరించింది. చిన్నాన్న కర్ర పట్టుకుని, తెర మీదినుంచి కళ్ళు తియ్యకుండా, పెద్దగొంతుతో మొదలుపెట్టాడు.

"మాస్టారూ, నాను బరమయ్యని. నన్ను సూసి మీకు సిగ్గేసింది. నాకూ ఏస్తాది. నాకు సొక్కా నేదు. నన్ను గీసినోడు మనూరు రాలేదు, ఎవుడో సెప్తే గీసేడు. పాములెందుకెట్టేడో నాకూ తెల్దు, నాకు పామంటే బయ్యం." ఇక్కడ జర్మనీ కసాయివాడు వచ్చి తన్నాడు. "ఆగు బావా, పెద్దలతో మాటాడుతున్నాను." మళ్ళీ తన్నాడు. "నా నోట్లో ఎవుడి మాటో ఎట్టేడు. అది ఏ బాసో మీకెవుళికీ తెల్దు. నాకు మాత్రం తెలుసేటి? పొద్దుగూకులూ అదే అరుత్తన్నాను. నా మాట మజ్జిలో అందుకుని, నాకేటి కావాలో ఆల్లే సెప్పెస్తారు. నాను పప్పడిగితే పచ్చడేస్తారు. తినేత్తాను. ట అంటే టైలరంటారు. కుట్టేత్తాను. ఎవుళ్ళ మీదా నాకు కోపం నేదు. కానీ ఈ గదిలో సిమ్మాచలం అని ఒకడున్నాడు. ఆడొక్కడే నాను గెలిసినప్పుడు నా మాట నాకిత్తాడు. నన్ను తోలీకండి. తోలీత్తే ఆడు కూడా మాటాడ్డు."

ఈలోపు బరమయ్య ఓడిపోయాడు. మాట్లాడుతూ ఆడడం కష్టం. తెర మీద కసాయివాడి మొహం పెద్దదిగా వచ్చి, కింద జపాన్ అక్షరాలు పడ్డాయి. చిన్నాన్న వాటిని చదవలేదు. కర్ర వదిలేసి అలాగే నిలబడ్డాడు. చొక్కా వీపున తడిసిపోయింది. లోపల నుంచి అమ్మ వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. ఆవిడ మొహాన్ని బట్టి పచ్చడి సంగతి చేరవలసిన చోటికి చేరిందని తెలిసింది. నాన్న తలొంచుకుని తన కాళ్ళ వేళ్ళు చూసుకుంటున్నాడు.

మాస్టారు లేచి లోపలికి వెళ్ళారు. తెర ముందు చాలాసేపు నిలబడి, "ఆ బోర్డొక్కటి నేను సహించలేను," అన్నారు. కాగితం అడిగారు. ముత్యాల్లాంటి తెలుగు అక్షరాలతో 'అనకాపల్లి' అని రాశారు. అన్నం మెతుకులతో అద్దం మీద, సరిగ్గా ఆవు పక్కన బోర్డు వచ్చేచోట అంటించి వెళ్ళిపోయారు. ఆయన లెక్కలో ఒక చిన్న లోపముంది. కాగితం అద్దం మీద ఉంది, వీధి అద్దం లోపల ఉంది. అందుకని జర్మనీలో కొట్టుకున్నా, బ్రెజిల్‌లో కొట్టుకున్నా, ఈజిప్టు పిరమిడ్ల ముందు కొట్టుకున్నా, గాల్లో అనకాపల్లి అని వేలాడుతూ ఉండేది. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. మాస్టారు అప్పుడప్పుడు సాయంత్రాలు వచ్చి కాగితం ఊడిందేమో చూసి, బరమయ్య ఏమంటున్నాడో విని వెళ్ళేవారు. ఆటలో తొందరగా ఓడిపోయేవారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర చిన్నాన్న "మ..." అన్నాడు. అమ్మ మజ్జిగ అందుకోబోయింది. నాన్న చెయ్యెత్తి ఆపాడు. అందరం ముద్ద చేత్తో పట్టుకుని ఆగాం. చిన్నాన్నకు అలా ఆగితే ఇంకా కష్టమైంది, చెమటలు పట్టాయి. నాన్న గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. "మ... మామిడికాయ ముక్క," అన్నాడు చిన్నాన్న. అమ్మ వేసింది. మా ఇంట్లో భోజనాలకు ఎక్కువసేపు పట్టడం ఆ రోజుతో మొదలైంది. చారు చల్లారిపోయేది. నేను స్కూలుకు ఆలస్యంగా వెళ్ళేదాన్ని. కొన్నాళ్ళకు నాన్న ఎంతో మొహమాటపడుతూ, "ఒరే, ఆవేల నువ్వు ట అన్నావు. ఏటనబోయేవు?" అని అడిగాడు. చాలాసేపటికి జవాబొచ్చింది. "టెంటు హౌసు." పెళ్ళిళ్ళకు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చే కొట్టు. నాన్న వ్యాపారస్తుడు. అప్పటికి ఊళ్ళో టెంటు హౌసు పెట్టినవాళ్ళు ఎలా పైకొచ్చారో ఆయనకు తెలుసు. అన్నం ముందు నుంచి లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

టీవీలకు తగిలించుకునే గేములు ఇళ్ళల్లోకి వచ్చాక, ఒక ఉరుముల రోజున ఎక్కువ కరెంటు వచ్చి మిషను నల్లబడిపోయింది. చిన్నాన్న దాన్ని బాగుచేయించలేదు. ఆ స్థలంలో షామియానా గుడ్డలు పెట్టుకున్నాడు. టెంటు హౌసు ఇప్పుడు ఆయన కొడుకు చూస్తున్నాడు. మాస్టారు లేరు, నాయనమ్మ లేదు, నాన్న లేడు. మైకుసెట్టు పెట్టేటప్పుడు హలో అనే పని మాత్రం చిన్నాన్న ఇప్పటికీ వేరేవాళ్ళకే ఇస్తాడు.

ఇదంతా మేఘనకు చెప్పాను. అప్పటిదాకా గేము ఆపి విన్నది. కొత్త బరమయ్య గురించి నేను చెడ్డగా చెప్పడానికేమీ లేదు. చొక్కా ఇచ్చారు. పాములు తీసేశారు. గొంతు ఇచ్చినవాడికి హిందీ బాగా వచ్చు. వీధిలో బోర్డు మీద టీ దొరుకునని రాసి ఉంది, అక్షరదోషం లేదు. డబ్బింగ్ రాసేదాన్ని కాబట్టి దాని వెనక ఎంత శ్రద్ధ ఉంటుందో నాకు తెలుసు. మాస్టారు చూసుంటే సంతోషించేవారు. నేనూ సంతోషించాను. సంతోషించాక కాసేపు ఏం తోచలేదు. ఆ రోజుల్లో అతని నోరు ఖాళీగా ఉండేది, మా ఊరివాళ్ళం అందులో కాపురం పెట్టాం. ఇప్పుడు అక్కడ సొంతదారు దిగాడు. ఎవరి ఇల్లు వాళ్ళకు దక్కింది.

మేఘన రిమోటులాంటిది అటూ ఇటూ నొక్కి, "తాతయ్యా, వీడి వాయిస్ ఆఫ్ చేసేస్తాను. మీరు చెప్పండి," అంది.

చిన్నాన్న నల్లద్దాలు సర్దుకున్నాడు. మేమిద్దరం ఆగాం. "వ... వద్దమ్మా," అన్నాడు. "ఆ... ఆడికి మాటలొచ్చేయి గదా. ఆడు సెప్పుకుంటాడు. మ... మజ్జిలో మనమెందుకు?"

మేఘన సరేనని ఆడుకోసాగింది. బరమయ్య హిందీలో గెలిచి, హిందీలో ఓడాడు. చిన్నాన్న ఒకటి రెండు ఆటలు ఊరికే చూశాడు. తర్వాత, "అం... అందులో మాటల్నేనోడు ఎవుడూ నేడేటి?" అని అడిగాడు.

మేఘన మొహాల వరస మొత్తం తిప్పింది. చివర్లో ఒకడు దొరికాడు. ఇనప బుంగ తలమీద బోర్లించుకున్నట్టున్నాడు, చేతులకు సంకెళ్ళు. "వీడొక్కడే తాతయ్యా. ఏమీ మాట్లాడడు, మూలుగుతాడంతే."

"ఊ... ఊరేదని రాసేరు?"

"రాయలేదు. ఎవరికీ తెలీదని రాశారు."

చిన్నాన్న సోఫాలోంచి లేచి వచ్చి, మేఘన పక్కన కింద కూర్చున్నాడు. తల వంచొద్దన్నారు కాబట్టి నిటారుగానే కూర్చున్నాడు. బుంగవాడు గోదాలోకి దిగి ఒక మూలుగు మూలిగాడు.

"మాది సీడికాడ బావా," అన్నాడు చిన్నాన్న, ఎక్కడా ఆగకుండా. "బస్సు దొరక్క ఆలీసమైపోనాది. పద, మొదలెడదాం."